ఆయ్

నరసాపురంలో మా మేడ మీది గది
ఆ ఏడు ఇద్దరికి అద్దెకిచ్చాను.
ఒకామె కొండల దేశం పిల్ల, తమారా.
ఒకామెది మెకాంగ్ నది సముద్రంలో కలిసే ఊరు, హియెన్.
ఈమె మాట ఆమెకి రాదు, ఆమె మాట ఈమెకి రాదు,
ఇంగ్లీషు ఇద్దరికీ కలిపి ఒక గుప్పెడు.
పెన్మెత్స రాజుగారి దగ్గర తెలుగు నేర్చుకుందామని
వేరువేరు రైళ్ళు దిగి
మా మెట్ల మీద పక్కపక్కనే చెప్పులు విడిచారు.

మొదట్లో భోజనాల దగ్గర మాటే లేదు.
"ఉప్పు" అంటే ఉప్పు జరిగేది.
"నీళ్ళు" అంటే నీళ్ళు.
నేను లేసు అల్లుకుంటూ వినేదాన్ని.
మొదటి వరస చూసి
అది బల్లగుడ్డ అవుతుందో, జాకెట్టు చేతులవుతుందో
నాకే తెలీదు.

రాజుగారు "అవును" అని పదిసార్లు రాయించేవారు.
పాల సత్యానందం రోజూ పొద్దున్నే "ఆయ్" అనేవాడు.
గెలిచింది పాలవాడే.

తొలకరి రోజుల్లో ఒక సాయంత్రం
తమారా తడి గొడుగు తెచ్చి
హియెన్ నోటుబుక్కు మీద పెట్టింది.
మూడు నెలల మాటలు నీలంగా కారిపోయాయి.
గబగబా కిందికొచ్చింది హియెన్, ఏడుపు ఆపుకుంటూ:
"రాజుగారు తిట్లు నేర్పలేదండి. ఒకటివ్వండి."
వెనకాలే తమారా: "నాక్కూడా."
పొయ్యి మీద చేపల పులుసు మరుగుతోంది.
ఆదివారం చర్చిలో పాడే నోరు నాది,
ఉన్నవన్నీ ఇవ్వలేను.
చిన్నది చూసి ఇద్దరికీ ఒకటే ఇచ్చాను:
"నీ దుంపతెగ."

పైకెళ్ళి ఒకరినొకరు అనుకున్నారు.
దుంపంటే సంతలో కొనేదని తెలుసు కాబోలు,
"నా దుంప ఎక్కడుంది?" అని అడిగిందిట తమారా.
ఆ నవ్వు వంటింటి దాకా దిగొచ్చింది.
పన్నెండైనా లైటు ఆరలేదు.
ఒకత్తి చెబుతోంది, ఒకత్తి రాస్తోంది,
కొట్టుకుపోయిన మాటలన్నీ
మళ్ళీ అమ్మ నుంచి, ఆవు నుంచి.

మనం, మేము: ఈ తేడా
తమారాకి చాన్నాళ్ళు ఎక్కలేదు.
"మేము పంటెక్కుదాం" అనేది హియెన్‌తో.
హియెన్ రేవులోనే ఆగిపోయేది.
"మీరు ఎక్కండి మరి. నేనెవర్ని?"
వాళ్ళ భాషలోనూ ఆ తేడా ఉందట, అందుకే ఆ పట్టు.
నీళ్ళంటే హడల్ తమారాకి.
ఒకరోజు పంటు సఖినేటిపల్లి వైపు కదిలి
కాస్త ఒరిగిందో లేదో
హియెన్ మోచెయ్యి పట్టుకుని అరిచింది,
"మనం మునిగిపోతాం!"
మోటారుసైకిళ్ళ వాళ్ళు, మేకల వాళ్ళు
అందరూ తిరిగి చూశారు.
హియెన్ మాత్రం చప్పట్లు కొట్టింది.

అది పదకొండేళ్ళ కిందటి మాట.
రాజుగారు పోయారు.
నా కళ్ళకి సన్నదారం ఆనడం లేదు.
హియెన్‌కి కూతురు పుడితే
తమారా విమానమెక్కి వెళ్ళింది.
పురిటి గదిలో ఇద్దరూ "ఆయ్", "ఆయ్" అనుకుంటుంటే
హియెన్ అత్తగారు అడిగిందిట
అది ఏ దేశపు మాట అని.
ఏం చెప్పాలో తోచక
"సువార్తమ్మగారి మేడ" అన్నారట.

నిన్న సందేళ ఫోను. వెనకాల పడవ ఇంజను మోత.
ఒక నోటికి రెండు గొంతులు:
"పిన్నిగారూ, నీళ్ళు సముద్రం వైపు పోతున్నాయి,
ఇది పోటే కదండీ?"
"కాదండీ, పాటు! నీ దుంపతెగ, ఫోనిటివ్వు..."
పందెం ఒక పూట భోజనమట.

వశిష్ఠ గట్టున పుట్టినదాన్ని,
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
"ఇద్దరిదీ తప్పే" అని పెట్టేశాను.

రేపు మళ్ళీ చేస్తారు.